మన రాత్రికి మన దూరదర్శిని: వైను బప్పు గారి జీవితము

మనాలి కల్లాట్ వైను బప్పు గారు పరమపదించి నలువది యేండ్లు దాటినవి. తమిళదేశమున కవలూరు కొండలమీద వారి పేరు పెట్టిన పెద్ద దూరదర్శిని కలదనియు, ఒక తోకచుక్కకు వారి పేరు పడినదనియు పాఠశాలలో చదివినవారు కొందఱెఱుగుదురు. అంతకు మించి మనము వారిని తలచుకొనుట తక్కువ. పుట్టుకచే ఆయన తెలుగువారు కారు. తల్లిదండ్రులు మలబారునందలి తలశ్శేరివారు. ఆయన 1927వ సంవత్సరము ఆగష్టు 10వ తేదీన జన్మించిరి. అయినను పెరిగినది హైదరాబాదున. చదివినది నిజాము కళాశాలలో. నక్షత్రములను చూడ నేర్చినది బేగంపేటయందలి నిజామియా వేధశాలలో. కావున ఆయన చరిత్రలో సగము మన చరిత్రయే యని మేము తలంచుచున్నాము.

కూటికి గుడ్డకు వెదకుకొను దేశమునకు నక్షత్రములను చూచు యంత్రములేల, పరదేశీయులు చూచి చెప్పినది చదువుకొన్న చాలదా యను ప్రశ్న ఆయన నాటికిని ఉండెను, నేటికిని ఉన్నది. చిలకలూరిపేట బజారులో పత్తి ధరను, మిరప ధరను మాటాడుకొను రైతులు సైతము అడుగదగిన ప్రశ్నయే యిది. అడుగుట తప్పును గాదు. బప్పుగారు దీనికి ఉపన్యాసములతో గాక పనితో సమాధానమిచ్చిరి. ఆ సమాధానము చక్కగా బోధపడవలెనన్న ఆయన చరిత్రతోపాటు ఒక నక్షత్రము చరిత్రను గూడ చెప్పవలసియున్నది. ఆ నక్షత్రము ఆయనకు పేరు తెచ్చినది గాదు. కాని ఆయన కట్టిపోయినది యెందులకు పనికివచ్చునో అది చూపినంత తేటగా మఱియొకటి చూపదు.

ముందుగా మన జిల్లా సంగతి యొకటి. 1868వ సంవత్సరము ఆగష్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టెను. చంద్రుని నీడ దక్కను మీదుగా వచ్చి గుంటూరు, బందరు సీమలను దాటి సముద్రముపై బోయెను. చిలకలూరిపేట సైతము ఆ నీడలోనిదే. ఫ్రాన్సు దేశపు విద్వాంసుడు జాన్సెన్, ఇంగ్లీషు సైనికోద్యోగి టెన్నెంటు తమ యంత్రములను గుంటూరున నిలిపిరి; చెన్నపట్టణపు వేధశాలాధికారి పాగ్సన్ బందరున విడిసెను. సూర్యుని యంచున లేచు ఎఱ్ఱని జ్వాలలు మండు వాయువులని జాన్సెన్ తన వర్ణపటదర్శినితో తెలిసికొనెను. మఱునాడు గ్రహణముతో పనిలేకయే ఆ జ్వాలలను చూచు ఉపాయమును గుంటూరుననే సాధించెను. ఆ యేటి పరిశీలనలలో కానవచ్చిన పసుపుపచ్చని గీత తుదకు హీలియమను క్రొత్త మూలపదార్థమునకు దారిచూపెను. గ్రహణము మన మింటిది, నిలిచిన నేల మనది. యంత్రమును, దానివెనుకనున్న కన్నును పరదేశీయులవి. మనవారిలో చింతామణి రఘునాథాచార్యులు గారు ఆనాడు వనపర్తికి పోయి పరిశీలించిరి గాని, ఆయన కొలువు పాగ్సన్ క్రింద సహాయకుని కొలువే. జాన్సెన్ మీద మాకు కినుక లేదు. ఆయన సముద్రములు దాటి వచ్చి శ్రమించి సంపాదించుకొనిపోయెను. ఇంటివారు నిద్రించుచుండగా అతిథి పెరటిలోని నిక్షేపమును కనుగొన్నట్లయినది, అంతే.

ఇక నక్షత్రము సంగతి. 1901వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీ తెల్లవాఱకముందే ఎడింబరో నగరమున ఆండర్సన్ అను నొక నక్షత్రప్రియుడు, అంతకుముందు కంటి కేమియు కానరాని చోట ఒక క్రొత్త చుక్కను చూచెను. అది కృత్తికలకు ఉత్తరముగా, బ్రహ్మహృదయమునకు పడమటగా, పర్సియస్ అను రాశిలో నుండెను. మఱునాటికి అది పెరిగి ఇంచుమించు బ్రహ్మహృదయముతో సరితూగు కాంతిని దాల్చెను. మన సీమలో అది మిరపకాయలు కల్లములలో నెండు కాలము. కాపలాకు కల్లములో పరుండినవారికి ప్రొద్దుగ్రుంకిన పిదప ఉత్తరపు మింట, చాల యెత్తున, ఆ చుక్క కండ్లబడవలసినదే. చూచుట వేఱు, చూచిన గడియను, కాంతిని కాగితముపై పెట్టుట వేఱు. శాస్త్రము రెండవదానితో మొదలగును. ఆ చుక్క కొన్ని దినములు వెలిగి, నెలల తరబడి ఊగుచు తగ్గుచు, తుదకు దూరదర్శినికి మాత్రమే కానవచ్చు మసకచుక్కగా మాఱెను. దానికి నేడు జి. కె. పర్సియై యని పేరు.

ఆ 1901వ సంవత్సరముననే హైదరాబాదున నవాబు జఫర్ జంగు గారు ఇంగ్లండునుండి పదునైదంగుళముల దూరదర్శినిని తెప్పించి సొంత వేధశాలను నెలకొల్పిరి. అదియే నిజామియా వేధశాల. 1907లో ఆయన గతించినమీదట అది నిజాము ప్రభుత్వమునకు చేఱెను, బేగంపేటకు మాఱెను, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రిందికి వచ్చెను. ఆకాశమునంతను ఛాయాపటములుగా తీసి నక్షత్రముల పట్టిక వ్రాయు అంతర్జాతీయ కార్యములో తన వంతుగా అది ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను లెక్కించినది. ఇది సామాన్యమైన పని గాదు. పేరు ప్రతిష్ఠలు లేని గుమాస్తాలు, లెక్కగాండ్రు రాత్రులు పటములు తీసి, పగళ్లు కొలతలు వేసి, దశాబ్దములు గడపిరి. మన విశ్వవిద్యాలయముల చరిత్రలు వ్రాయువారు దీనికి నాలుగు పంక్తులైన కేటాయింపకుండుట మాకు వింతగానున్నది.

అట్టి వేధశాలలో ఉద్యోగి బప్పుగారి తండ్రి. అందుచేత పిల్లవానికి దూరదర్శిని గోపురమే ఆటస్థలమైనది. విద్యార్థిగా నున్నప్పుడే ఆయన కాంతి మాఱు తారలను పరిశీలింప నారంభించిరి. ఆనాటి పద్ధతి సులభముగా తోచును గాని సులభము గాదు. మాఱెడి తారకు ప్రక్కనున్న మాఱని తారలలో దానికంటె కొంచెము ఎక్కువ కాంతి గలదానిని, కొంచెము తక్కువ కాంతి గలదానిని ఎన్నుకొని, ఆ రెండింటి నడుమ దాని స్థానమును కంటితోనే తూచవలెను. ఎఱ్ఱని తారల యెడ కన్ను మోసము చేయును. ఎంతసేపు చూచిన అంత వెలుగుగా అవి తోచును. తారల రంగు ఈ కంటి కొలతను ఎట్లు తప్పుదారి పట్టించునో విచారించి బప్పుగారు 1946వ సంవత్సరముననే, పందొమ్మిది యేండ్ల వయసున, ఒక వ్యాసము ప్రకటించిరి. మొదటినుండియు ఆయన దృష్టి యిట్టిది: చూచినదానిని గాదు, చూచు సాధనమునే ముందు శంకించుట. పండితులకే అలవడని ఈ గుణము కుఱ్ఱవానికి అలవడుట విశేషము.

హైదరాబాదు ప్రభుత్వమిచ్చిన విద్యార్థివేతనముతో ఆయన 1949లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి. ఆ జూలైలో, వచ్చిన కొలది నెలలకే, తాను తీసిన ఛాయాపటముపై ఎవ్వరును ఎఱుగని తోకచుక్క నొకదానిని పట్టుకొనిరి. దాని నిజమును స్థిరపఱచుటలో తోడ్పడిన బాక్, న్యూకర్క్ అను వారి పేళ్లతో కలిసి అది బప్పు–బాక్–న్యూకర్క్ తోకచుక్క యయ్యెను. పసిఫిక్ జ్యోతిశ్శాస్త్ర సంఘము వారు ఆయనకు పతకమిచ్చి గౌరవించిరి. 1952లో డాక్టరు పట్టము పొంది, కార్నెగీ సంస్థ యాదరమున కాలిఫోర్నియాకు బోయి, ఆనాటికి ప్రపంచమున కెల్ల పెద్దదైన పాలమార్ దూరదర్శినితో పని చేసిరి. అచ్చట ఆలిన్ విల్సన్ అను పెద్దతో కలిసి చేసిన పని 1957లో వెలువడెను. చల్లని నక్షత్రముల వర్ణపటములో కాల్షియమువలన గలుగు నల్లని గీత నడుమ సన్నని వెలుగు గీత యొకటి కానవచ్చును. ఆ వెలుగు గీత వెడల్పునుబట్టి నక్షత్రము యొక్క నిజమైన కాంతిని చెప్పవచ్చునని వారు చూపిరి. నిజమైన కాంతి తెలిసిన, మనకు కనబడు కాంతితో పోల్చి దూరము కట్టవచ్చును. విల్సన్–బప్పు ఫలితమని శాస్త్రగ్రంథములు దీనినే వ్యవహరించుచున్నవి.

అంతటి యంత్రము చేతిలో నుండగా, అంతటి పేరు వచ్చుచుండగా, ఇరువదియాఱేండ్ల యువకుడు స్వదేశమునకు తిరిగివచ్చుట నేడు మనకు చిన్న విషయముగా దోచరాదు. ఇచ్చట ఆయనకై కాచుకొనియున్న పాలమార్ లేదు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము 1954లో కాశీలో నెలకొల్పిన వేధశాలకు ఆయన అధికారియైరి. దానికున్న పెద్ద యంత్రము పదియంగుళముల దూరదర్శిని. కాశీ మైదానపు దుమ్ములో అది ఫలింపదని తెలిసి, మఱుసటి యేడు వేధశాలను నైనితాలు కొండలకు మార్పించిరి. తారల కాంతిని కంటితో గాక విద్యుత్ పరికరముతో కొలుచు పద్ధతిని అచ్చట నాటిరి. నిజామియాలో కంటి మోసమును గుర్తించిన పిల్లవాడు, పెరిగి ఆ కంటిని తప్పించు సాధనము నేర్పఱచినాడన్నమాట.

1960లో ఆయన కొడైకెనాల్ వేధశాలకు అధిపతిగా వచ్చిరి. అది 1899నాటిది, సూర్యుని పరిశీలనకు ప్రసిద్ధికెక్కినది; కాని రాత్రులు మబ్బులు క్రమ్ముట వలన నక్షత్రములకు అనువైనది గాదు. అందుచేత ఆయన దక్షిణదేశపు కొండలను వెదకించి, ఉత్తర ఆర్కాడు జిల్లాలోని జవ్వాది కొండలలో, శ్రీగంధపు చెట్లున్న అడవి నడుమ, కవలూరు అను కుగ్రామము దాపున స్థలము నిర్ణయించిరి. మన చిత్తూరు సీమ పొలిమేరకది మిక్కిలి దూరము గాదు. 1968 నాటికి అచ్చట పనిచేయ మొదలిడినది ముప్పదియెనిమిది సెంటిమీటర్ల దర్పణము గల చిన్న దూరదర్శిని. అదియును తమ కర్మశాలలో చేయించుకొన్నది. 1972లో జర్మనీనుండి ఒక మీటరు దూరదర్శిని వచ్చెను. కొడైకెనాల్ వేధశాల 1971లోనే స్వతంత్ర సంస్థగా మాఱి భారత ఖగోళ భౌతిక సంస్థ యయ్యెను. బప్పుగారే దాని మొదటి అధిపతి.

కవలూరేల యను ప్రశ్నలో ఆయన సమాధానమంతయు నిమిడియున్నది. అక్షాంశము పన్నెండున్నర డిగ్రీలు గావున ఉత్తరపు మింటను, దక్షిణపు మింటను చాలవఱకు అచ్చటినుండి చూడవచ్చును; యూరపునకు ఈ భాగ్యము లేదు. అంతకంటె ముఖ్యమైనది రేఖాంశము. తూర్పున జపాను, ఆస్ట్రేలియా. పడమట యూరపు, దక్షిణాఫ్రికా. ఈ రెండింటి నడుమ గంటల కొలది ఎడము. ఆ ఎడములో జరిగెడి ఆకాశవ్యాపారమును చూడవలెనన్న మన మింటినుండియే చూడవలెను. ఆ గంటలలో మనము నిద్రించితిమా, ప్రపంచమంతయు నిద్రించినట్లే. మనకు దూరదర్శిని వలయునని బప్పుగారు కోరినది పరువు కొఱకు మాత్రమే గాదు. మన రాత్రి మనకు దప్ప మఱెవ్వరికిని లేదు గనుక. 1972 జూన్ 7వ తేదీన బృహస్పతి ఉపగ్రహమైన గానిమీడ్ ఒక తారకు అడ్డము వచ్చెను. అట్టి మఱుగు భూమిపై కొన్ని చోట్ల మాత్రమే కానవచ్చును. కవలూరు ఆ చోట్లలో నొకటి. ఆ పరిశీలనవలన గానిమీడునకు పలుచని వాయుమండలము కలదను సూచన లభించెను. 1977 మార్చి 10వ తేదీన యురేనస్ గ్రహము ఒక తారకు చేరువగా వచ్చినప్పుడు, గ్రహమునకు చేరకముందే తార కాంతి తటాలున తగ్గుట కవలూరువారు గమనించిరి. అమెరికావారు విమానమునుండి చూచినదానితో అది కలిసి, ఆ గ్రహమునకు వలయములున్నవని లోకమునకు తెలిసెను. ఆ రెండు రాత్రులు మనకు దూరదర్శిని లేకున్న, ఆ రాత్రులు వట్టిగా గడచిపోయెడివి.

ఆయన పెద్ద కల యింకొకటి: రెండు మీటర్లకు మించిన దూరదర్శినిని ఈ దేశముననే రూపొందించి, ఈ దేశముననే కట్టుట. దర్పణపు గాజు జర్మనీనుండి వచ్చెను. దానిని అఱగదీసి మెఱుగుపెట్టినది బెంగుళూరున మన పనివారు. దానిని మోయు ఇనుప కట్టడమును వాల్‌చంద్‌నగర్ కార్ఖానావారు చేసిరి. గాజును వెలనిచ్చి కొనవచ్చును. దానిని వెండ్రుకలో వేయవ వంతు తేడా లేకుండ అఱగదీయు చేతినేర్పు కొనిన రాదు, పెంచుకొనవలెను. పరదేశమున సిద్ధముగా దొరకుదానిని కొనక ఇన్నేండ్లు కాచుకొనుట వృథా జాగని తలంచువారుండవచ్చును. మా యభిప్రాయమున ఆయన త్రోవయే సరియైనది. యంత్రము చెడినప్పుడు బాగుచేయువాడు ఊరిలో నుండవలెనను సంగతి బావి మోటరు గల రైతున కెల్ల తెలిసినదే.

ఆయన ఆ పని ముగియుట చూడలేదు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షులైరి. భారతీయులలో ఆ పదవి మొదట పొందినవారు ఆయనే. 1981లో ప్రభుత్వము పద్మభూషణ బిరుదమిచ్చెను. 1982 ఆగష్టులో ఆ సంఘము గ్రీసు దేశమున పత్రాస్ నగరమున సమావేశమైనప్పుడు అధ్యక్షుని స్థానము శూన్యమయ్యెను. గుండెకు శస్త్రచికిత్స జరిగిన పిదప బప్పుగారు ఆ నెల 19వ తేదీన జర్మనీలోని మ్యూనిచ్ నగరమున కన్నుమూసిరి. ఏబదియైదేండ్లు నిండి తొమ్మిది దినములు. 1986 జనవరి 6వ తేదీన రెండు మీటర్ల ముప్పదినాలుగు సెంటిమీటర్ల ఆ దూరదర్శినికి నాటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ గారు ప్రారంభోత్సవము చేసి, దానికిని ఆ వేధశాలకును వైను బప్పు గారి పేరు పెట్టిరి.

ఇప్పుడు మనము 1901నాటి చుక్కకు తిరిగిపోవుదము. అది యేమో ఆనాడు తెలియలేదు. అది ఒక చుక్క గాదు, జంట. ఒకటి శ్వేతకుబ్జము, అనగా సూర్యుని వంటి తార తన యింధనమునెల్ల కాల్చుకొని కుంగి భూమియంత పరిమాణమునకు దిగిన శేషము. బరువులో మాత్రము సూర్యునికి సాటి వచ్చునది. రెండవది చల్లబడి ఉబ్బిన ఎఱ్ఱని తార. ఎఱ్ఱని తారనుండి వాయువు శ్వేతకుబ్జము వైపు జారి, దాని చుట్టు సుడిగుండమువలె పళ్లెముగా తిరుగుచు లోనికి దిగును. ఏండ్ల తరబడి పోగుపడిన ఆ వాయువు ఒక్కమాఱు భగ్గుమని మండుటయే 1901లో లోకము చూచినది. ఆ జంట మనకు సుమారు 1,400 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. కనుక మన తాతలు చూచిన ఆ మంట నిజముగా లేచినది విష్ణుకుండినులు ఆంధ్రమునేలిన కాలమున.

ఈ శ్వేతకుబ్జము పెద్ద అయస్కాంతము గూడ. దాని బలము భూమి అయస్కాంతబలమునకు పదిలక్షల రెట్ల స్థాయిది. కావున వాయువు నేరుగా దానిపై బడజాలదు. లోపలి అంచున పళ్లెమును అయస్కాంతశక్తి చీల్చి, వాయువును తెరలవలె పట్టి, రెండు ధ్రువములవైపు నడపును. అచ్చట అది సెకనునకు వేల కిలోమీటర్ల వేగముతో పడి, కోట్ల డిగ్రీల వేడికి చేఱి, ఎక్స్ కిరణములను వెదజల్లును. శ్వేతకుబ్జము తన చుట్టు తాను తిరుగుచున్నది గావున ఆ వేడి ధ్రువము దీపస్తంభపు వెలుగువలె మనవైపు వచ్చుచు పోవుచుండును. బప్పుగారు గతించిన మఱుసటి యేడు, 1983లో, ఆ జంట మఱల కొంత రేగినప్పుడు, యూరపువారి ఎక్సోసాట్ ఉపగ్రహము దాని ఎక్స్ కిరణములు 351 సెకండ్లకొకమాఱు పెరిగి తగ్గుచున్నవని కనిపెట్టెను. ఐదు నిమిషముల ఏబదియొక్క సెకండ్లు! అది యొక నక్షత్రము దినము.

ఎక్స్ కిరణములు మన వాయుమండలమును దాటి నేలకు రావు. వానిని చూచుటకు పైకెగురవలెను. మామూలు వెలుగు నేలకు వచ్చును. ఎక్స్ కిరణములు ధ్రువముల కథను చెప్పును. మామూలు వెలుగు పళ్లెము కథను, ఎఱ్ఱని తార కథను చెప్పును. వాయువు పళ్లెములో నెక్కువైన పిదప ధ్రువమున ఎంతసేపటికి వేడి పెరిగెనో, ధ్రువపు కిరణములు ఎచ్చట తగిలి మఱల వెలుగుగా మాఱినవో తెలియవలెనన్న ఈ రెండు కథలను ఒకే గడియలో వినవలెను. ఉపగ్రహము ఫలానా దినమున ఫలానా గంటకు ఆ జంటను చూచునని నిర్ణయమైన యెడల, ఆ గంటకు చీకటియున్న దేశములో, పనిచేయు దూరదర్శిని యొకటి దానివైపు తిరిగియుండవలెను. ఉపగ్రహమునకు పగలు రాత్రి లేదు. నేలమీది దూరదర్శినికి కలదు. అట్టి గంటలలో కొన్ని మన వంతు.

అంతేకాదు. ఈ జంట ఒకదానిచుట్టు నొకటి తిరుగుటకు పట్టుకాలము రెండు దినములకు నాలుగైదు నిమిషములు మాత్రమే తక్కువ. ఇది చిత్రమైన చిక్కు. ఈ రాత్రి ఎనిమిది గంటలకు జంట ఏ భంగిమలో నున్నదో ఎల్లుండి ఎనిమిది గంటలకు ఇంచుమించు ఆ భంగిమలోనే యుండును. నడుమ రేపటి రాత్రి దానికి సరిగా నెదుటి భంగిమలో నుండును. ఒకే చోట కూర్చుండి నెలంతయు చూచినను ఆ రెండు ముక్కలే మరల మరల కానవచ్చును. మిగిలినది వేఱొక దేశమునందు రాత్రియైనప్పుడు జరుగును. కాలిఫోర్నియాలో ఎంత పెద్ద దర్పణమున్నను ఆ లోపము తీఱదు. పాలమార్‌ను విడిచి వచ్చిన యువకుని నిర్ణయము సరియైనదా కాదా యనుటకు ఈ లెక్కయొక్కటి చాలును.

ఆయన కట్టిన వేధశాల ఈ జంటను మఱవలేదు. 1901నాటి మంటలో ఎగిరిన వాయువు నేటికిని పొగవలె విచ్చుకొనుచు దాని చుట్టునున్నది. కవలూరునుండి ఆ పొగ వర్ణపటమును పరిశీలించి జి. సి. అనుపమ గారును, టి. పి. ప్రభు గారును 1993లో ఫలితములు ప్రకటించిరి. ఎక్స్ కిరణముల వైపు మన తెలుగుదేశమునకు సంబంధము అంతకుముందే కలదు. 1968లో టాటా పరిశోధన సంస్థ వారు హైదరాబాదునుండి పెద్ద బెలూనులను వాయుమండలపు పైపొరలకు పంపి వృశ్చికరాశిలోని ఎక్స్ కిరణతారను పరిశీలించిరి. 2015 సెప్టెంబరు 28వ తేదీన మన శ్రీహరికోటనుండి ఆస్ట్రోసాట్ అను ఉపగ్రహమెగిరెను. ఎక్స్ కిరణములను, అతినీల కిరణములను ఒకే తారనుండి ఒకే గడియలో చూచుటకే అది కట్టబడినది. గుంటూరు పొలములలో జాన్సెన్ తన యంత్రమును విప్పిన నాటినుండి నూటనలువదియేడేండ్లకు, మింటికి పంపిన యంత్రము మన తీరమునుండి మన చేతులమీదుగా పోయెను.

ఇంత చెప్పి తెలుగువారి సంగతి చెప్పకుండుట న్యాయము గాదు. బప్పుగారికి కన్ను తెఱపించిన బేగంపేట వేధశాలను నగరపు దీపములు చుట్టుముట్టినవి. దానికి బదులుగా ఉస్మానియావారు జపాల్, రంగాపూర్ గ్రామముల యొద్ద నలువదియెనిమిదంగుళముల దూరదర్శినిని నిలిపిరి. 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ గ్రహణమునకు దేశదేశముల పండితులు అచ్చట చేఱిరి. ఆ తేజము నేడు లేదు. రెండు రాష్ట్రములైన తెలుగువారికి రెండు పెద్ద వేధశాలలుండవలసినది. ఉన్నవానిని నిలుపుకొను శ్రద్ధయైనను కానరాకున్నది. విశ్వవిద్యాలయములు భవనములకు వెచ్చించు ద్రవ్యములో లేశము చాలును. కావలసినది ద్రవ్యముకంటె రాత్రి మేల్కొను మనుష్యులు.

పెద్ద యంత్రములు లేకున్న ఏమియు చేయలేమని కూర్చుండ బనిలేదు. జి. కె. పర్సియై మామూలుగా పదుమూడవ తరగతి చుక్క; కాని సుమారు మూడేండ్లకొకసారి రేగి పదవ తరగతికి వచ్చి, రెండు నెలలు వెలిగి, తగ్గును. అది రేగినట్లు మొదట గమనించి ఉపగ్రహములవారికి తెలుపువారు పలుమాఱులు పెద్ద పండితులు గారు, ఇంటి పెరటిలో చిన్న దూరదర్శినులు పెట్టుకొనిన నక్షత్రప్రియులే. ఎనిమిదంగుళముల దర్పణము, దానికొక విద్యుచ్ఛాయాయంత్రము, సెకనునకు తప్పని గడియారము గల కళాశాల యేదైనను ఈ లెక్కలో చేరవచ్చును. చిలకలూరిపేట ఎనుబదవ రేఖాంశము మీద నున్నది. జాతీయ రహదారి దీపములను, నూలుమిల్లుల దీపములను వెనుకకు విడిచి పొలములలోనికి పోయినచో, ఆ రాశి ఉత్తరపు మింట అఱువదిరెండు డిగ్రీల యెత్తువఱకు లేచును. ఫిబ్రవరి నెలలో రాత్రి పదిగంటల వేళ జపానువారికి అర్ధరాత్రము దాటి అది క్రుంకుటకు సిద్ధమగును. యూరపున చాలచోట్ల ఇంకను చీకటి పడియుండదు. ఆ వేళకు మన మిరప కల్లములమీద అది యింకను వెలుగుచునే యుండును.